పాత డిస్కులోని ముందు వరుస

మాఘం మొదలైన వారంలోనే పుష్పలత ల్యాప్‌టాప్ రెండుసార్లు మొండికేసింది. మొదటిసారి సిరికొండ నుంచి వచ్చిన ఒక పెళ్లికూతురి తండ్రి ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నాడు. కార్డులో ఇద్దరు మేనమామల పేర్లు చేర్చాలి, అంతే. ఫైలు తెరవమని నొక్కితే తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఆయన చాయ్ తాగి, పేపరు చదివి, బయటికి వెళ్లి బీడీ కాల్చుకుని వచ్చినా అది తిరుగుతూనే ఉంది. బస్సు వేళ అవుతోందని, రేపు మళ్లీ వస్తానని చెప్పి లేచి వెళ్లాడు. మరుసటి రోజు రాలేదు. ఆయన కార్డు ఇంకెక్కడో అచ్చయిందని తర్వాత తెలిసింది.

రెండోసారి ఎదురుగా ఎవరూ లేరు కానీ, అరగంట కష్టపడి సరిచేసిన ప్రశ్నపత్రం మొత్తం పోయింది.

నిజామాబాద్ బస్టాండు వెనక సందులో, ఒక టైలరు కొట్టుకూ ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణానికీ మధ్య పుష్పలత డీటీపీ గది ఉంటుంది. ఆమెకు నలభై ఏడేళ్లు. జనం చేతిరాతతో తెచ్చిన కాగితాలను అచ్చుకు సిద్ధం చేయడమే పాతికేళ్లకు పైగా ఆమె పని. పెళ్లిపత్రికలు, గృహప్రవేశాలు, దశదినకర్మలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, పసుపు రైతుల సభల కరపత్రాలు అన్నీ ఆమె చేతిమీదుగా వెళ్లినవే. ఎవరింటి పేరులో దీర్ఘం ఉండాలో ఆ ఇంటివాళ్లు మరిచిపోయినా ఆమె మరిచిపోదు.

పక్క ఫ్లెక్సీ దుకాణం ప్రశాంత్‌ది. సంగతి విని, ఇప్పుడున్న ఎనిమిది జీబీ ర్యామ్‌ను పదహారు చేయించమన్నాడు. ఫ్లెక్సీ పని చేసేవాళ్లకు అదే ప్రాణమనీ, ఇక ముందు పెళ్లికార్డుల మీద బతకడం కష్టమనీ, ఊళ్లో కార్డులన్నీ వాట్సాప్‌లోకి వెళ్లిపోతున్నాయనీ చెప్పాడు. పుష్పలత భర్త లింగం ఆర్టీసీ డ్రైవరు. డిపోలో ఎవరో చెప్పారట, పాత డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్ పెట్టిస్తే బండి కొత్తదానిలా ఉరుకుతుందని. ఇద్దరూ తమ మాటే ఖాయమన్నారు. ఈ సీజనుకు రెండూ పెట్టించే వీలు లేదు. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ మీద అంత పెట్టడం తెలివైన పనీ కాదు. ఏదో ఒకటే.

ఆమె గాంధీచౌక్ దగ్గర మేడమీద రిపేరు షాపు నడిపే రుచిత దగ్గరికి వెళ్లింది. పాతికేళ్ల పిల్ల. మాట తక్కువ. ఇద్దరి సలహాలూ విని ఏదీ కాదనలేదు, ఔననలేదు. ల్యాప్‌టాప్ పుష్పలత వైపే తిప్పింది.

"రోజు ఏం చేస్తవో గదే చెయ్యి అక్క. నేను చూస్త."

పుష్పలత అలవాటుగా ఒక పెళ్లికార్డు తెరిచింది. రుచిత తెర మూలన చిన్న కిటికీ ఒకటి తెరిచి పెట్టింది. అందులో రెండు గీతలు పాకుతున్నాయి. ఒకటి ర్యామ్ ఎంత నిండిందో చూపే గీత. అది సగం దగ్గర నెమ్మదిగా సాగుతోంది. రెండోది డిస్క్ ఎంత శ్రమపడుతోందో చూపే గీత. అది నూటికి నూరు దగ్గర పైకప్పుకు అతుక్కుపోయినట్టు ఉంది. కార్డు తెరుచుకునేదాకా అది కిందికి దిగలేదు.

"ర్యామ్ అంటే పని చేసే జాగ అక్క. డిస్క్ అంటే సామాను దాచే జాగ. నీకు పని జాగ ఇంక సగం ఖాళీగనే ఉన్నది. సామాను వచ్చేదే లేటు."

పుష్పలత ఆ గీతలనే చూస్తూ తనలో తాను అనుకున్నట్టుగా అంది.

"అంటే మా ప్రెస్సుల బల్ల ర్యామ్. అక్షరాల అరలు డిస్క్. అరలు దూరముంటే బల్ల ఎంత పెద్దగ చేసినా ఏం ఫాయిదా."

ఆమె చెప్పిన ప్రెస్సు రాజేంద్రప్రసాద్‌గారిది. ఆయనది బోధన్ దగ్గర ఒక క్యాంపు, వలస రైతుల ఊరు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద చెరుకు వేసిన కుటుంబం. ఆయనకు మాత్రం పొలం కంటే అచ్చు మీద మోజు. పొలం తమ్ముడికి అప్పజెప్పి నిజామాబాద్‌లో ప్రెస్సు పెట్టారు. పుష్పలత అక్కడ చేరేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. గోడ పొడవునా చెక్క అరలు, అరల్లో సీసపు అక్షరాలు. నడుమ పెద్ద బల్ల. వత్తులూ గుణింతాలూ వేరువేరు గళ్లలో ఉండేవి. 'శ్రీ' మాత్రం పెళ్లిళ్ల కాలంలో ఎప్పుడూ తక్కువ పడేది. ఆమె చేతులు ఆర్నెల్ల పాటు నల్లగానే ఉన్నాయి.

తొందరలో ఒకసారి ఆమె వరుడి తండ్రి పేరులో ఒక అక్షరం తలకిందులుగా పెట్టింది. అచ్చుకు పోకముందే రాజేంద్రప్రసాద్‌గారు చూశారు. కోప్పడలేదు.

"అమ్మాయ్, మనకిది ఒక పూట పని. వాళ్ళు మాత్రం ఈ కాగితం బీరువాలో పెట్టుకుని పాతికేళ్ళు చూసుకుంటారు. పేరు దగ్గర కాస్త ఆగాలి."

ఆ తర్వాత ప్రెస్సులోకి కంప్యూటరు వచ్చింది. సీసం తూకానికి పోయింది. కొత్తదాని ముందు ధైర్యంగా కూర్చున్నది పుష్పలత ఒక్కతే. బోధన్‌లో టైపు నేర్చుకున్న వేళ్లు కదా. రెండు వేల పదహారులో ప్రెస్సు మూసేసినప్పుడు రాజేంద్రప్రసాద్‌గారు అన్నేళ్ల ఫైళ్లనూ ఆమె కొన్న ఈ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఇచ్చారు. రెండేళ్లకు ఆయన పోయారు. ఫైళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

రుచిత ఇంకొక పరీక్ష కూడా చేయించింది. పెద్ద ఫ్లెక్సీలు రెండు ఒకేసారి తెరవమంది. ఈసారి ర్యామ్ గీత కూడా ఎగబాకి పైకి పోయింది. ప్రశాంత్ మాట అబద్ధం కాదు. ఫ్లెక్సీలే చేయదలుచుకుంటే ర్యామ్ కావాలి. కార్డులు, టైపింగ్ చేయదలుచుకుంటే డిస్క్ మారాలి. రెండో పని ఏటా తగ్గుతోందని పుష్పలతకు తెలుసు. అయినా ఆమె చేతికి వచ్చిన పని అది. నాయకుల మొహాలు నిలువెత్తు చేసి కూడళ్లలో నిలబెట్టే పని ఆమెకు ఎన్నడూ రుచించలేదు.

ఆమె ఇంకా తేల్చుకోకముందే రుచిత డిస్క్ ఆరోగ్యం చూసే పరీక్ష ఒకటి నడిపింది. ఆకుపచ్చగా ఉండాల్సిన చోట పసుపు రంగు వచ్చింది. పరీక్ష నడుస్తుండగా ల్యాప్‌టాప్‌కు చెవి ఆనించి వినమంది. లోపల సన్నగా టిక్కు టిక్కుమంటోంది.

"గీ డిస్క్ అలిసిపోయింది అక్క. ఇయ్యాల్నో రేపో అనలేను గని, ఎక్కువ రోజులు రాదు. ఇండ్ల ఉన్న ఫైళ్లు ఇంకెక్కడన్న ఉన్నయా?"

ఇంకెక్కడా లేవు. పుష్పలత ఎస్ఎస్‌డీ వేయమంది.

మర్నాడు పొద్దున్నే షాపు తెరిచే వేళకు రుచిత పాత డిస్క్ బయటికి తీసి వైరుతో తగిలించి, కొత్తదానిలోకి నకలు మొదలుపెట్టింది. సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మంది. పుష్పలత సాయంత్రం దాకా ఆగలేదు. తన దుకాణం మూసి వచ్చి, రుచిత పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నకలవుతున్న ఫైళ్ల పేర్లు తెర మీద ఒకదాని వెనక ఒకటి పైకి పోతున్నాయి. అన్నీ ఆమె పెట్టిన పేర్లే. ఆ పేర్లతోపాటు మనుషులూ వచ్చారు.

క్యాంపు వీరరాఘవయ్యగారి కూతురి శుభలేఖ. పద్యం తానే రాసుకుని వచ్చి, ఒక్క అరసున్న కోసం మూడు రోజులు తిరిగిన మనిషి. ఇందల్వాయి భోజన్న కొడుకు పెళ్లిపత్రిక. కింద బంధువుల పేర్లు నూట పన్నెండు వేయించి, ఒక్క పేరు మరిచిపోయినందుకు కార్డులన్నీ మళ్లీ అచ్చువేయించాడు. చెరుకు రైతుల మీటింగు కరపత్రాలు, ఏడాదికి నాలుగైదు, తర్వాత రెండు, తర్వాత అసలు లేవు. హర్షిణి అనే పిల్ల మొదటి పుట్టినరోజు కార్డు. ఆ హర్షిణి పెళ్లికార్డు పోయిన నెలే చేసిందని గుర్తొచ్చి పుష్పలత రుచితకు చెప్పింది. రుచిత నవ్వి, తన చెల్లెలి ఓణీల కార్డు కూడా ఇందులో ఉండొచ్చంది. వెతికితే ఉంది.

మధ్యాహ్నం దాటాక నకలు ఒకచోట ఆగిపోయింది. రెండు వేల పద్దెనిమిది ఫోల్డరు. ఎర్ర గీతలు వరుసగా వచ్చాయి. ఆ ఏడాదే పుష్పలత తండ్రి కాశయ్య పోయాడు.

కాశయ్య బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర సీజను కార్మికుడు. క్రషింగు మొదలైతే శక్కర్‌నగర్ గేటు దగ్గర్నుంచి చెరుకు బండ్లు మైలు పొడవునా నిలబడేవి. ఎద్దుల మెడల్లో గంటలు, ఊరంతా బెల్లం మాడినట్టు కమ్మని వాసన. పొద్దున సైరను మోగితేనే అమ్మలు పొయ్యి అంటించేవాళ్లు. పుష్పలత ఈడు పిల్లలు బండ్ల వెనక నడుస్తూ గడలు లాగేవాళ్లు. కాటా దగ్గర కాశయ్య కనబడితే ఆమె మాత్రం చెయ్యి వెనక్కి తీసుకునేది. చెరుకు బండ్ల కాడ నిలబడే పని నీకొద్దని ఆయన ఆమెను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు.

ఆయనవి రెండే ఫొటోలు. ఒకటి గుర్తింపు కార్డుది. అందులో ఆయన పోలీసుల ముందు నిలబడ్డ మనిషిలా ఉంటాడు. రెండోది ఏదో సీజను ఆఖరి రోజున కాటా మనుషులంతా కలిసి తీయించుకున్నది. అందులో కాశయ్య పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. దినాల కార్డు చేసేటప్పుడు పుష్పలత ఆ ఫొటోను స్కాన్ చేసింది. ఆ తర్వాత ఒక వానాకాలం పెట్టెలోకి చెదలు పట్టి అసలు ఫొటో పోయింది. స్కాన్ చేసిన ఫైలు ఒక్కటే మిగిలింది. అది ఈ ఫోల్డరులోనే ఉంది.

రుచిత ఆ ఫోల్డరు కోసం సాయంత్రం దాకా కూర్చుంది. చాలా ఫైళ్లు తిరిగొచ్చాయి. ఫొటో కూడా వచ్చింది. తెరిస్తే పై సగమే ఉంది. వెనక వరుసలో నిలబడ్డ ఏడుగురు స్పష్టంగా ఉన్నారు. వాళ్ల నడుము దగ్గర్నుంచి కింద అంతా బూడిద రంగు పలక. కాశయ్య ముందు వరుసలో కూర్చున్నాడు.

"ఇంతకన్న రాదా?" అని పుష్పలత అడిగింది.

"రాదు అక్క. అబద్ధం చెప్పి నీ ఆశ పెంచను."

ఇల్లు చేరాక లింగం ల్యాప్‌టాప్ తెరిచి, క్షణంలో వెలగడం చూసి సంబరపడ్డాడు. పుష్పలత తలూపింది. అతనికి ఫొటో సంగతి అన్నం తిన్నాక చెప్పింది. వెనక నిలబడ్డవాళ్లలో ఒకరిని గుర్తుపట్టానని, ఎడమ చివర సాయిలు కాకా అని కూడా చెప్పింది. సాయిలు కూడా పోయాడు. భార్య పెంటవ్వ శక్కర్‌నగర్ దగ్గరే ఉంటుందని విన్నది. ఫొటో తీయించుకున్నప్పుడు తలా ఒక కాపీ ఇచ్చి ఉంటారు కదా అన్నాడు లింగం. మరునాడు ఆమెను బోధన్ బస్సు ఎక్కించాడు.

బోధన్‌కు పుష్పలత వెళ్లి నాలుగేళ్లు. ఎడపల్లి దాటాక ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఒకప్పుడు బస్సుకు రెండు పక్కలా మనిషి ఎత్తు చెరుకు ఉండేది. ఇప్పుడంతా వరి. మధ్యలో ఎక్కడో ఒక మడి చెరుకు కనబడితే, అది దాటిపోయేదాకా తల తిప్పి చూసింది. ఫ్యాక్టరీ చిమ్నీ ఊరికి ముందే కనబడింది, పొగ లేదు. పాత క్వార్టర్ల సందుల్లో తుమ్మకంప మొలిచింది. ఆమె పుట్టి పెరిగిన లైనులో ఎవరూ లేరు. తలుపులు లేని గడపలు చూసుకుంటూ ఆ చివరికి నడిచింది. దారి అడిగితే ఒకాయన మరాఠీ కలిసిన తెలుగులో చెప్పాడు.

పెంటవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎనభై దాటి ఉంటాయి. కాశయ్య బిడ్డనని చెప్పగానే చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. గోడ మీద, దేవుడి పటాల పక్కన, ఆ ఫొటో ఉంది. ఒక మూల తేమ మరక తప్ప చెక్కుచెదరలేదు. రెండు వరుసలూ ఉన్నాయి. కాశయ్య ముందు వరుసలో మూడోవాడు.

పుష్పలత అరచేత్తో అద్దం మీది దుమ్ము తుడిచింది.

తీసుకుపోయి స్కాన్ చేసి రేపే తెచ్చిస్తానంటే ముసలామె ఒప్పుకోలేదు. ఆ పటం ఇంట్లోంచి బయటికి పోకూడదట. సాయిలు ఉన్నన్నాళ్లూ పొద్దున లేచి దానికే మొక్కేవాడట. సరేనని పుష్పలత గడప దగ్గర వెలుగులో పటం విప్పి, అద్దం తీసి, సెల్‌ఫోనుతో ఏడెనిమిది సార్లు తీసింది. పెంటవ్వ తన నీడ పడకుండా పక్కకు జరిగి కూర్చుని ఒక్కొక్కరి పేరు చెప్పింది. పుష్పలత చీటీ మీద రాసుకుంది. కాశయ్య దగ్గరికి వచ్చేసరికి పెంటవ్వ ఆగి నవ్వింది.

"మీ బాపు సంగతి నీకెరుకేనా బిడ్డా? డ్యూటీ దిగి సీదా ఇంటికి రాకపోతుండె. నువ్వు టైపు నేర్సె ఇస్కూలు ఎదురుంగ పాన్‌డబ్బా ఉండెగద, ఆడ నిలబడెటోడు. మా ఇంటాయన గూడ ఉండెటోడు."

"ఎందుకు?"

"గా మిషిన్ల గంట మోగుతది సూడు, లైను ఒడిసినప్పుడు. గా గంటలు లెక్కవెట్టెటోడు. ఇయ్యాల మా పిల్ల నలబై లైన్లు కొట్టింది అని మా ఇంటాయనకు చెప్పెటోడు."

పుష్పలతకు ఆ గది గుర్తొచ్చింది. కిటికీలు వీధి వైపే ఉండేవి. లోపల పన్నెండు మిషన్లు. పన్నెండు మందీ ఒకేసారి కొట్టేవాళ్లు.

"అండ్ల నాది ఏదో బాపుకు ఎట్ల తెలుస్తది అవ్వా?"

"ఏం తెలుస్తది. మోగినయన్ని నీయే అనుకున్నడు."

పుష్పలతకు నవ్వొచ్చింది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెంటవ్వ చింతపండు గిన్నె తన ముందుకు లాక్కుని మళ్లీ గింజలు తీయసాగింది. జొన్న రొట్టె, ఉల్లికారం తినిపించిగానీ కదలనివ్వలేదు.

ఆ వారమంతా పుష్పలత ఖాళీ దొరికినప్పుడల్లా ఆ ఫొటో మీద కూర్చుంది. తెర మీదే తేమ మరక చెరిపేసింది, ముఖాల మీద చెయ్యి పెట్టలేదు. కింద పేర్లు వరుసగా పొందుపరిచింది. పదమూడు మందిలో పన్నెండు పేర్లు తేలాయి. కాశయ్య పక్కన తలపాగా చుట్టుకుని కూర్చున్నవాడు ఎవరో పెంటవ్వకు గుర్తు రాలేదు. మంజీర అవతలి నుంచి సీజనుకు వచ్చేవాడని మాత్రం చెప్పింది. అతని స్థానంలో పుష్పలత ఖాళీ గీత పెట్టి, ఫొటోను పెంటవ్వ మనవడికి పంపింది. అతను పాత ఫ్యాక్టరీవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రెండు రోజుల్లో అది ఎక్కడెక్కడికో పోయింది. ఎవరెవరో ఫోను చేసి మా నాయనది పంపు, మా తాతది పంపు అన్నారు.

పెళ్లిళ్ల పని కూడా ఆగలేదు. ఫాల్గుణం దాకా ఆమె కార్డులు చేస్తూనే ఉంది, ఎవరినీ రేపు రమ్మనలేదు. పెద్ద ఫ్లెక్సీలు వస్తే ప్రశాంత్ దగ్గరికి పంపింది. అతను అక్షరాలు కొట్టాల్సిన పని వస్తే ఆమె దగ్గరికి పంపాడు. ర్యామ్ సంగతి ఏమైందని అడిగితే వచ్చే ఏడు చూద్దామంది.

ఉగాది వెళ్లిన వారం కందకుర్తి నుంచి రాధాబాయి అనే ఆవిడ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి, కచ్చ పోసి కట్టిన చీర, చేతిలో గుడ్డసంచి. ఆ ఫొటో ఫోనులో ఎవరో చూపించారట. ఆ తలపాగా మనిషి తన తండ్రని, పేరు మారుతి అని చెప్పింది. మరాఠీ ఊళ్ల నుంచి మంజీర దాటి చెరుకు కొట్టడానికి వచ్చేవాడట, ఆ తర్వాత కాటా దగ్గర పని దొరికిందట. తన దగ్గర ఆయన ఫొటో ఒక్కటీ లేదంది.

"పేరు బరాబర్ రాయమ్మా. నాకు చదువు రాదు, మా తమ్ముడు చదువుతడు."

పుష్పలత ఇంటిపేరు అడిగింది, ఊరు అడిగింది, తెలుగులో ఎలా పలుకుతారో రెండుసార్లు అడిగి తెలుసుకుంది. ఖాళీ గీత తీసేసి ఆ పేరు వేసింది. తెర మీద చదివి వినిపించింది. రాధాబాయి బాగుందంది. ధర్మాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఒకటి, తనకు ఒకటి, రెండు కాపీలు కావాలంది. పుష్పలత, ఒకటి పాడైనా ఇంకొకటి ఉండాలని మూడు తీసి, తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చి, బోధన్ బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించడానికి ఆమెతోపాటు సందు చివరిదాకా నడిచింది.